మన్రో దొర - ఊరి బడి

థామస్ మన్రో 1761లో స్కాట్లండు దేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. 1780లో సైనికుడై మద్రాసు చేరెను. 1800లో నిజాము ఇంగ్లీషు కంపెనీకి దత్తము చేసిన సీమకు ఆయన కలెక్టరయ్యెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఆ సీమలోనివే. ఏడేండ్లు గుడారములలో బస చేయుచు, ఊరూర తిరిగి రైతుల కష్టసుఖములను స్వయముగా తెలిసికొనెను.

1820లో మన్రో మద్రాసు గవర్నరయ్యెను. ప్రజల చదువు ఎట్లున్నదో ఎరుగక దానిని బాగుచేయుట అసాధ్యమని తలచి, 1822లో జిల్లాలనుండి లెక్కలు తెప్పింప నాజ్ఞాపించెను. రాజధానియందు 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలెను. వారిలో బాలికలు 4,540 మందియే! పేదరికముచే పిల్లలు త్వరగా బడి మానుచుండిరి. చాలీచాలని రాబడిగల ఉపాధ్యాయుడు చక్కగా బోధింపజాలకుండెను.

అందుచే 1826లో జిల్లాకు రెండు, తాలూకాకొకటి చొప్పున సర్కారు పాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు నెలకు 15, 9 రూపాయల జీతము లీయవలెనని మన్రో నిర్ణయించెను. చదువు తెలివినే కాక, కష్టించి బాగుపడవలెనను కోరికను కూడ కలిగించునని ఆయన నమ్మకము.

1827 జూలై 6న, తన పాత సీమను చూడవచ్చిన మన్రో పత్తికొండలో కలరాచే మరణించెను. ఆదరించువారు లేక ఆ పాఠశాలలు క్షీణించి, 1836లో ఎత్తివేయబడెను. గురువు కడుపు నిండనిదే శిష్యునకు విద్య అబ్బదని ఆయన గ్రహించిన సత్యము మాత్రము చెడలేదు.