మన కర్నూలు బిడ్డ గాడిచర్ల హరిసర్వోత్తమరావు

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో గ్రంథాలయానికి వెళితే బల్ల మీద రెండు మూడు ఫోటోలకు పూలదండలు వేసి, అగరొత్తులు వెలిగించి ఉంటారు. వ్యాసరచన పోటీలకు, వక్తృత్వ పోటీలకు మన హాస్టల్ నుంచి మేము చాలాసార్లు వెళ్లాము. బహుమతి మీద ఉన్న దృష్టి ఆ ఫోటోల మీద ఉండేది కాదు. అయ్యంకి వెంకటరమణయ్య గారి పేరు జనరల్ నాలెడ్జ్ బిట్లలో వస్తుంది కాబట్టి తెలుసు. ఆయన పక్కనున్న పెద్దాయన మన కర్నూలులోనే పుట్టారని మాత్రం పి.జి.లో చేరాక గాని మాకు తెలియలేదు. ఈ వార్షికోత్సవ సంచికలో ఆయన గురించి రాయాలనుకున్నది అందుకే.

గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు 1883 సెప్టెంబరు 14న జన్మించారు. తల్లి భాగీరథీబాయి, తండ్రి వెంకటరావు. పూర్వీకులది కడప జిల్లా సింహాద్రిపురం. బ్రాహ్మణ కుటుంబమే గాని కలిగిన ఇల్లు కాదు. కర్నూలు, గుత్తి, నంద్యాలలో చదువుకుని, ఉపకార వేతనం మీద పై చదువులు చదివి 1906లో మద్రాసులో ఎం.ఏ. పూర్తి చేశారు. స్కాలర్‌షిప్ ఆగితే చదువు ఆగుతుందనే భయం ఎలాంటిదో మన హాస్టల్ వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు.

తరువాత ఉపాధ్యాయ శిక్షణకు రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో ఎం.ఏ. చదివినవారికి సర్కారు ఉద్యోగం చేతిలో ఉన్నట్టే. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చి ఉపన్యాసాలిచ్చారు. విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకుని తరగతులకు రావడం ప్రిన్సిపాల్ మార్క్ హంటర్‌కు గిట్టలేదు. హరిసర్వోత్తమరావు గారిని కాలేజీ నుంచి వెళ్లగొట్టారు. సర్కారు ఉద్యోగానికి పనికిరారని కూడా తేల్చేశారు. అప్పుడాయన వయసు 23 ఏళ్లు. ఇది రాస్తున్న మా వయసూ అంతే. ఒక బ్యాడ్జీ కోసం ఉద్యోగం పోగొట్టుకోవచ్చా అని మా గదిలో ఒక రాత్రంతా వాదించుకున్నాము. ఇంటి దగ్గర అప్పులున్నవాళ్లు బ్యాడ్జీ తీసేయాల్సిందన్నారు. నిజం చెప్పాలంటే మాలో ఎక్కువమందిమి అటువైపే ఉన్నాము.

ఆయన తీయలేదు. 1908లో విజయవాడ నుంచి స్వరాజ్య అనే పత్రిక నడిపారు. తిరునల్వేలిలో పోలీసుల కాల్పులపై రాసిన వ్యాసంలో తెల్లదొరలను క్రూరమృగంతో పోల్చారని రాజద్రోహం కేసు పెట్టారు. మొదట వేసిన శిక్ష చాలదని ప్రభుత్వం పై కోర్టుకు వెళ్లగా అది మూడేళ్లయింది. వేలూరు జైలులో హంతకులు, బందిపోట్ల మధ్య ఉంచారు. గొలుసులు, మెడలో కొయ్య పలక, ఈతచాప, మట్టి ముంత, పురుగులు పట్టిన రాగి సంకటి అని ఆయన జీవితకథ రాసినవారు చెబుతారు. రాగి సంకటి మన సీమలో కడుపు నింపే తిండి. దాన్నే శిక్షగా మార్చారంటే ఎంత పాడు బుద్ధి!

విడుదలయ్యాక మరో శిక్ష మొదలైంది. పోలీసులకు భయపడి ఆయనను ఇంట్లోకి రానిచ్చేవారు లేరు. ఎం.ఏ. చదివిన మనిషి సత్రాల్లో, పరాయివాళ్ల అరుగుల మీద రాత్రులు గడిపారు. చివరకు ఆదుకున్నవారు కొమర్రాజు లక్ష్మణరావు గారు. వారి విజ్ఞాన చంద్రికా గ్రంథమాలలో తొలి పుస్తకం, 1907లో వచ్చిన అబ్రహాం లింకన్ చరిత్ర, హరిసర్వోత్తమరావు గారు రాసినదే. పుస్తకాలు ఎరువు తెచ్చుకుని చదివి పైకొచ్చిన లింకన్ కథ తెలుగువాళ్లకు అలా అందింది. తరువాత ఆయన ఆంధ్రపత్రిక సంపాదకులుగా పనిచేశారు, మద్రాసు శాసనమండలికి ఎన్నికయ్యారు. ఆ సంగతులు పెద్ద పుస్తకాల్లో ఉన్నాయి, మేము గ్రంథాలయాల దగ్గరికే వస్తాము.

1914 ఏప్రిల్ 10న విజయవాడ రామమోహన గ్రంథాలయంలో అయ్యంకి వారి పూనికతో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి సభ జరిగింది. అలా ఏర్పడిన సంఘానికి హరిసర్వోత్తమరావు గారు చాలా ఏళ్లు అధ్యక్షులుగా ఉన్నారు. అప్పటి ఊరి గ్రంథాలయమంటే ఎవరిదో ఒక అరుగు, ఒక బీరువా, ఒక వార్తాపత్రిక. ఒకరు చదివితే పదిమంది వినాలి. నూటికి తొంభై మందికి పైగా చదువు రాని కాలమది. అక్షరం రానివాళ్లకు గ్రంథాలయం ఏం చేస్తుందన్నదే ఆయన పట్టుదల. గ్రంథాలయాన్ని వయోజన విద్యతో ముడిపెట్టారు. రాత్రి బడులు కావాలన్నారు, కొత్తగా చదువు నేర్చినవారికి తేలిక తెలుగులో పుస్తకాలు కావాలన్నారు.

ఇక్కడ మాకొక సందేహం ఉంది, దాచుకోము. ఆ ఉద్యమంలో ముందు నిలిచినవారిలో ఎక్కువమంది అగ్రవర్ణాల వారే. ఊరి నడిమధ్య అరుగు మీద పత్రిక చదువుతుంటే మన తాతలు ఆ అరుగు ఎక్కగలిగేవారా? దూరంగా చెట్టు కింద నిలబడి విన్నా గొప్పే. దాతల దయతో, చందాలతో నడిచే చోట ఎవరు లోపలికి రావాలో చందాదారులే నిర్ణయిస్తారు. చట్టం వస్తే అలా కుదరదు. ఎస్.ఆర్. రంగనాథన్ గారి కృషితో 1948లో మద్రాసు పౌర గ్రంథాలయాల చట్టం వచ్చింది, 1960లో ఆంధ్రప్రదేశ్‌కు సొంత చట్టం వచ్చింది. ఇంటిపన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. (వసూలైన సొమ్ము సకాలంలో గ్రంథాలయాలకు జమ కావడం లేదని పేపర్లలో చదువుతూనే ఉంటాము, అది వేరే గొడవ.) గుడిసెకు పన్ను కట్టినవాడి డబ్బూ ఆ బీరువాలో ఉంది కాబట్టి లోపలికి వెళ్లడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. మాకు హరిసర్వోత్తమరావు గారు దగ్గరివారుగా తోచింది ఇక్కడే. అరుగుల మీద పడుకుని, తలుపు వేసుకున్న ఇళ్లను బయటి నుంచి చూసిన మనిషి ఆయన.

1960 ఫిబ్రవరి 29న ఆయన కన్నుమూశారు. నాలుగేళ్లకొకసారి వచ్చే తేదీ. విజయవాడలో గ్రంథాలయ సంఘం భవనానికి సర్వోత్తమ భవనమని ఆయన పేరే పెట్టారు.

మొన్న సెలవుల్లో గ్రంథాలయంలో పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళుతూ మా నాయనను వెంట తీసుకెళ్లాము. ఆయన చెప్పులు మెట్ల కింద విడిచి గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. లైబ్రేరియన్ సారు చూసి, లోపలికి వచ్చి ఫ్యాను కింద కూర్చోమన్నారు. నాయన బెంచీ చివర ఒదిగి కూర్చున్నారు. కాసేపు పేపర్లో బొమ్మలు చూశారు. తరువాత దాన్ని మా వైపు తోసి, వాన సంగతి ఏమి రాసినారో చదవమన్నారు. మేము చదువుతుంటే ఎదుటి బెంచీలో ఉన్న ఇద్దరు ముసలివాళ్లు కూడా ఇటు జరిగి కూర్చున్నారు.