మఖ్దూం కోరిన మార్పు, వచ్చిన మార్పు

ప్రభుత్వం మారితే దేశం బాగుపడుతుందా? ఎన్నికలొస్తే దీనికి ఎవరి జవాబు వాళ్ల దగ్గర ఉంటది. హైదరాబాద్‌లో ఈ ప్రశ్నను జీవితమంతా మోసిన మనిషి మఖ్దూం మొహియుద్దీన్. ఆయన షాయరీ చాలామందికి తెలుసు, రాజకీయ జీవితం అంత తెలియదు.

1908లో మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు, బాబాయి పెంచారు. మసీదు ఊడ్చి, నీళ్లు తోడిన పిల్లాడు. రష్యాలో రాజు పోయాక అందరూ ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర కూర్చుని తింటున్నారని బాబాయి చెప్పిన మాట ఆయన మనసులో నాటుకుపోయింది. అక్కడ అంతా అలా జరగలేదని ఇప్పుడు మనకు తెలుసు. ఆకలి తెలిసిన పిల్లాడికి మాత్రం ఆ మాటే చాలు.

ఉస్మానియాలో ఎం.ఎ. చేశారు, సిటీ కాలేజీలో లెక్చరర్ అయ్యారు. తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి కమ్యూనిస్టు పార్టీలో, కార్మిక సంఘాల్లో దిగారు. రాజు ముస్లిం, రాజభాష ఉర్దూ. ఉర్దూ కవి అయిన ఒక ముస్లిం ఆ రాజ్యం పోవాలనడం చిన్న సంగతి కాదు. జాగీర్లలో, దొరల గడీల్లో వెట్టి చేసే తెలుగు రైతుల పక్షాన నిలబడ్డారు. అజ్ఞాతంలోకీ వెళ్లారు.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయారు. నేను కామర్స్ చదివినవాణ్ణి, అందుకే జమ ఖర్చులు రాసుకుని చూస్తాను. జమ వైపు, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1952లో అందరికీ ఓటు వచ్చింది. రజాకార్ల దాడులతో వణికిన ఊళ్లకు ఊపిరి అందింది. ఖర్చు వైపు చూస్తే చెయ్యి ఆగిపోతది. కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఎక్కువ నష్టం జరిగింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. ఉస్మానియాలో ఉర్దూ మీడియం కూడా పోయింది. రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ జైలు శిక్ష ముగిశాక 1957లో పాకిస్తాన్ వెళ్లిపోయాడు. ఆయన చేసిన అప్పు కట్టింది మాత్రం ఆయన ముఖం కూడా చూడని పల్లె జనం.

మరి మఖ్దూం? పోరాడి దించిన రాజ్యం పోయింది, కొత్త ప్రభుత్వానికీ ఆయన నేరస్తుడే. 1951లో అరెస్టు చేశారు. ఆ ఏడాదే పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది. జైలు నుంచి వచ్చి 1952 ఎన్నికల్లో హైదరాబాద్ నుంచి నిలబడి ఓడిపోయారు. తర్వాత హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో గెలిచారు. పోలీస్ యాక్షన్ జరిగి నాలుగేళ్లే అయింది, నల్గొండ జిల్లా రైతులు ఒక ఉర్దూ షాయర్‌ను అసెంబ్లీకి పంపారు! నా దృష్టిలో 1948 మార్పుకు అర్థం దొరికింది సైన్యం వచ్చిన రోజున కాదు, ఆ ఓట్లు లెక్కపెట్టిన రోజున.

తర్వాత శాసనమండలిలో ప్రతిపక్ష నాయకుడిగా పనిచేశారు. ఆయన అడిగిన భూమి, కూలి అందరికీ అందలేదు, అడగడం మాత్రం మానలేదు. 1969 ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూశారు. నాంపల్లి షా ఖామోష్ దర్గా దగ్గర ఖననం చేశారు. ఆ ఏడాది హైదరాబాద్ వీధుల్లో విద్యార్థులు మరో మార్పు కోసం, ప్రత్యేక తెలంగాణ కోసం, తూటాలకు ఎదురు నిలుస్తున్నారు.