పేరు మిగిల్చిన వైద్యుడు: జాన్ లాంగ్డన్ డౌన్

అరకు నుండి పాడేరు వైపు సాగే బాటలో డుంబ్రిగుడ తగులుతుంది. పలకరాళ్ళ మీదుగా నీరు జారిపోయే చాపరాయి గెడ్డ ఆ ప్రాంతంలోనిదే. కొండదొరలు, పోర్జలు, కొటియలు, బగతలు, వాల్మీకులు నివసించే ఆ గూడేల బడుల్లో ఏ ఒకదానిలోనైనా ముఖం గుండ్రంగా, కన్నుల కొసలు కొంచెం పైకి వాలి, మాట ఆలస్యంగా వచ్చే బిడ్డ ఒకరు చేరవచ్చు. లోకంలో పుట్టే ఏడెనిమిది వందల మంది శిశువులలో ఇంచుమించు ఒకరు అట్లా పుడతారు. ఈ లెక్కకు మన్యమూ మైదానమూ ఒకటే. ఆసుపత్రి వారిచ్చిన ధ్రువపత్రం చూచి ఉపాధ్యాయుడు పట్టీలో ఆ బిడ్డ పేరు ప్రక్కన డౌన్ సిండ్రోమ్ అని వ్రాసుకుంటాడు. అప్పుడప్పుడే ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు ఆ మాట చదివి, డౌన్ అంటే క్రింద గనుక, తమ తోటి బిడ్డ అందరికంటె క్రింది మెట్టున ఉన్నదని అర్థం చేసుకుంటే తప్పు వారిది కాదు. చదువుకున్న పెద్దలలోనూ అట్లా అనుకునేవారు ఉన్నారు. నిజానికది ఒక మనిషి ఇంటిపేరు.

జాన్ లాంగ్డన్ డౌన్ 1828 నవంబరు 18న, ఇంగ్లండు నైరృతి కొసన కార్న్‌వాల్‌లోని టోర్‌పాయింట్ అనే చిన్న రేవు ఊరిలో జన్మించాడు. తండ్రికి మందులతోపాటు పచారీ సరుకులూ అమ్మే దుకాణం ఉండేది. పదునాలుగవ యేట బడి మాన్పించి కొడుకును ఆ దుకాణంలోనే కూర్చోబెట్టారు. పొట్లాలు కట్టడం, మందులు నూరడం, లెక్క వ్రాయడం - ఇదీ అతని యౌవనారంభం.

పదునెనిమిదేండ్ల వయస్సులో జరిగిన ఒక చిన్న ఘటనను ఆయన జీవిత చరిత్రకారులందరూ చెబుతారు. కుటుంబమంతా విహారానికి వెళ్ళి, జడివానలో చిక్కి, దారి ప్రక్కనున్న ఒక కుటీరంలో తలదాచుకున్నారు. అక్కడ బుద్ధి వికసించని ఒక బాలిక వారికి తేనీరు అందించింది. వాన వెలిసింది, అందరూ ఇంటికి వచ్చారు. దుకాణపు కుర్రవాని మనస్సులో మాత్రం ఆ బాలిక నిలిచిపోయింది. ఆమె కోసం ఎవ్వరూ ఏమీ చేయలేరా అన్న ప్రశ్న అతన్ని విడువలేదు.

ప్రశ్న పుట్టినంత మాత్రాన త్రోవ దొరకదు. లండన్ వెళ్ళి శస్త్రవైద్యుని వద్ద పనిచేశాడు. ఔషధ రసాయనశాలలో శిక్షణ పొందాడు. జబ్బుపడి ఇంటికి తిరిగి వచ్చాడు. 1853లో తండ్రి మరణించిన పిమ్మట లండన్ హాస్పిటల్ వైద్య విద్యాలయంలో చేరేనాటికి తోటి విద్యార్థుల కంటె చాల పెద్దవాడు. ఆలస్యంగా చేరినా బంగారు పతకాలు గెలుచుకున్నాడు. లండన్‌లో పేరుప్రతిష్ఠలు, ధనవంతులైన రోగులు ఎదురు చూస్తున్న ఆ తరుణంలో, 1858లో, ఆయన సర్రే మండలంలోని ఎర్ల్స్‌వుడ్ ఆశ్రమానికి వైద్యాధికారిగా వెళ్ళాడు. బుద్ధిమాంద్యం గలవారి కోసం చందాలతో నడిచే సంస్థ అది. ఆనాటి వైద్యులు అట్టి ఉద్యోగాన్ని ఉద్యోగంగా లెక్కించేవారు కారు. మిత్రులు విస్తుపోయారు.

ఆశ్రమంలో అడుగిడినప్పుడు ఆయనకు కన్పించినవి ఇరుకు, మురికి, దెబ్బలు. కొట్టడాన్ని నిషేధించాడు. శుభ్రతను, మంచి ఆహారాన్ని పట్టుబట్టి సాధించాడు. బల్ల వద్ద కూర్చుని కత్తి, ముల్లు పట్టి మర్యాదగా భుజించడం నేర్పించాడు. ఇది చిన్న సంగతిగా తోస్తుంది. కాని నలుగురితో కలిసి కూర్చుని తినలేనివానిని ఏ కుటుంబమూ అతిథుల ఎదుటికి రానివ్వదు. తినడం నేర్చినవానికి ఇంటిలో చోటు దొరుకుతుంది. ఆ పైన వడ్రంగం, తోటపని, కుట్టుపని. ఆ ఆశ్రమ నివాసి జేమ్స్ హెన్రీ పుల్లెన్ అనే మూగచెవిటి వడ్రంగి చేసిన ఓడల నమూనాలు దేశమంతా పేరు గాంచాయి. 1860లో డౌన్ వివాహమాడిన మేరీ క్రెల్లిన్ కూడ జీతం లేకుండానే ఈ పనులలో సగం మోసింది. ఈ సంగతి పలువురు విస్మరిస్తూ ఉంటారు.

డౌన్‌కు ఛాయాగ్రహణం మీద మక్కువ. ఆశ్రమవాసుల ముఖాలను ఆయన ఓపికగా చిత్రించాడు, తలలను కొలిచాడు. 1866లో ప్రచురించిన వ్యాసంలో ఒక వర్గం పిల్లలను స్పష్టంగా వేరుచేసి వర్ణించాడు. ఒకరితో ఒకరికి చుట్టరికం లేకున్నా వారు ఒకే తల్లి బిడ్డలవలె కన్పిస్తారని గమనించాడు; హాస్యప్రియులని, ఇతరులను అనుకరించడంలో నేర్పరులని, శిక్షణ వల్ల బాగుపడతారని చెప్పాడు. ఇంతవరకు సూక్ష్మదృష్టి. ఆ పిమ్మట పొరబడ్డాడు. నరజాతులను ముఖాలను బట్టి మెట్లు మెట్లుగా అమర్చే అలవాటు ఆ కాలపు విజ్ఞానాన్ని ఆవహించి ఉండేది. ఆ పిల్లల కన్నులను చూచి ఆయన వారికి మంగోలియా జాతి పేరు తగిలించాడు. అమెరికాలో బానిసత్వాన్ని సమర్థించేవారు నరజాతులన్నీ ఒక్క మూలం నుండి పుట్టలేదని వాదించేవారు. ఆంగ్ల దంపతులకు తూర్పుదేశపు పోలికలు గల బిడ్డ పుట్టగలిగితే జాతుల మధ్య దాటరాని గోడలు లేవన్నట్లే గదా అని డౌన్ వారికి ఎదురు నిలిచాడు. ఉద్దేశం గొప్పదే. వాదం మాత్రం తప్పు. జనం ఉద్దేశాన్ని మరచి పేరును పట్టుకున్నారు. దాదాపు నూరేండ్లు అది ఆ పిల్లల మీద, ఒక దేశ ప్రజల మీద, మచ్చగా నిలిచింది.

ముఖాలను కొలిచే ఆ పిచ్చి మన కొండలకూ వచ్చింది. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణదేశపు కులాల, తెగల ముక్కులను కొలిచి, పట్టికలు వేసి, 1909లో ఏడు సంపుటాలు ప్రకటించాడు. అందులో పోర్జలు, కొండదొరలు, బగతలు అందరూ ఉన్నారు.

డౌన్ మాత్రం పట్టికల వద్ద ఆగిపోలేదు. ఆశ్రమవాసుల చేతిపనులను పారిస్ ప్రదర్శనకు పంపిన ఖర్చు విషయమై పాలకవర్గంతో భేదం వచ్చి, 1868లో ఉద్యోగం వదిలి, థేమ్స్ నది చెంత ఒక పెద్ద ఇల్లు కొని, నార్మన్స్‌ఫీల్డ్ అని పేరుపెట్టి, భార్యాభర్తలిద్దరూ పందొమ్మిదిమంది లోపు పిల్లలతో క్రొత్త గృహం ప్రారంభించారు. ఎనిమిదేండ్లలో ఆ సంఖ్య నూట అరవైకి పెరిగింది. పొలం, తోటలు, పనిశాలలు వెలిశాయి. 1879లో ఒక నాటకశాల కట్టించాడు. రంగు రంగుల తెరలతో, చిత్రించిన పలకలతో, ఏ నగరపు నాటకశాలకూ తీసిపోని రంగస్థలం! పాడడమో, వాద్యం వాయించడమో, నటించడమో వచ్చినవారినే పనివారుగా ఎంచుకునేవారు. అనుకరణలో నేర్పరులని తాను గమనించిన పిల్లలకు ఆయన వేసిన మందు అది. ఒక లోపం మాత్రం చెప్పక తప్పదు. అది ధనికుల బిడ్డల గృహం. లోకానికి తెలియకుండ బిడ్డలను దాచుకున్న గొప్ప ఇండ్లవారు రుసుము చెల్లించి పంపేవారు. పేదవానికి ఆ నాటకశాల గడప అందలేదు.

1896 అక్టోబరు 7న డౌన్ మరణించాడు. కుమారులు రెజినాల్డ్, పెర్సివల్ వైద్యులై ఆ గృహాన్ని నడిపారు. తండ్రి చెప్పిన జాతి పోలిక నిలవదని 1906లో రెజినాల్డే బహిరంగంగా చెప్పాడు. అసలు కారణం 1959లో పారిస్‌లో తేలింది. లెజూన్, మార్త్ గోతియే, ట్యుర్పాఁ ప్రకటించిన ఆ పరిశోధన ప్రకారం ఈ పిల్లల జీవకణాలలో నలభై ఆరు క్రోమోజోములకు బదులు నలభై ఏడు ఉంటాయి. తల్లి వయస్సు పెరిగినకొద్దీ ఇట్లా జరిగే అవకాశం పెరుగుతుంది. గ్రహణానికి గాని, దిష్టికి గాని, పూర్వజన్మ పాపానికి గాని ఇందులో ప్రమేయం లేదు. 1961లో పందొమ్మిదిమంది నిపుణులు పాత పేరును విడనాడవలసిందని లాన్సెట్ పత్రికకు లేఖ వ్రాశారు. సంతకం చేసినవారిలో డౌన్ మనుమడు నార్మన్ ఒకడు. మంగోలియా కోరికపై 1965లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడ దానిని వదలివేసింది. డౌన్ పేరు ఆ విధంగా స్థిరపడింది.

డుంబ్రిగుడ బిడ్డకు థేమ్స్ తీరంలోని భవనం అక్కరలేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ఆరు మొదలు పద్దెనిమిదేండ్ల వరకు పొరుగు బడిలో ఉచితంగా చదివే హక్కు ఆ బిడ్డకు ఉన్నది. రాష్ట్రంలో సమగ్ర శిక్ష క్రింద భవిత కేంద్రాలు నడుస్తున్నాయి. అయినా కొండమీది గూడెం నుండి ధ్రువపత్రం కోసం ఆసుపత్రికి దిగిరావడానికి కూలినాలి చేసుకునే తల్లికి ఒక దినం పని పోతుంది. ఆనాడు వైద్యుడు లేకుంటే మరొక దినం. ఈ పిల్లలలో దాదాపు సగం మందికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉంటుంది గనుక, ఆ ప్రయాణం చదువు కోసమే కాదు. బడికి వచ్చిన బిడ్డకు కావలసినవి డౌన్ కాలంలోవే: చేయి కడుక్కుని తోటివారి వరుసలో కూర్చుని తినడం, చేసి చూపిన పనిని పదిసార్లు చేయనిచ్చే ఓర్పు, థింసాలో చేతులు పెనవేసుకుని కదిలే వరుసలో ఒక చోటు. అడుగు తప్పినా ప్రక్కవారి భుజం పట్టు ఉన్నది.

కుటుంబం మాట వచ్చింది గనుక డౌన్ ఇంటి సంగతి ఒకటి మిగిలి ఉన్నది. ఆయన మరణించిన తొమ్మిదేండ్లకు, 1905లో, రెజినాల్డ్‌కు ఒక కుమారుడు కలిగాడు. బిడ్డకు తాతగారి పేరే పెట్టి జాన్ అన్నారు. తాతగారు వర్ణించిన లక్షణాలన్నీ ఆ బిడ్డలో ఉన్నాయి. ఇతరుల బిడ్డల కోసం తాత కట్టిన నార్మన్స్‌ఫీల్డ్‌లో ఆ జాన్ పెరిగి పెద్దవాడై, 1970 వరకు జీవించాడు.