కోడి లేకుండా గుడ్లు పొదిగించిన రియామర్

మన సైన్సు పుస్తకంలో సెల్సియస్, ఫారన్‌హీట్ థర్మామీటర్లు ఉన్నాయి. ఇంకో రకం కూడా ఉండేది. అందులో నీళ్ళు గడ్డకట్టేది 0 దగ్గర, మరిగేది 80 దగ్గర. దాన్ని 1730లో చేసినాయన పేరు రియామర్. ఆయన కోడి లేకుండానే గుడ్లు పొదిగించారు. నాకు అదే నచ్చింది, అందుకే ఆయన గురించి రాస్తున్నాను.

రియామర్ 1683లో ఫ్రాన్సు దేశంలో లా రోషెల్ అనే ఊరిలో పుట్టారు. 1708లో, పాతికేళ్ళకే, పారిస్‌లోని సైన్సు అకాడమీలో చేరారు. ఏదైనా దగ్గర కూర్చుని చూడటం ఆయన అలవాటు. అప్పట్లో అక్కడ కాగితం పాత బట్టల పీలికలతో చేసేవారు. కందిరీగలు కట్టెను నమిలి గూడు కట్టడం చూసి, కట్టెతో కూడా కాగితం చేయవచ్చని 1719లో చెప్పారు. పురుగుల మీద ఆరు పెద్ద పుస్తకాలు రాశారు.

ఇక గుడ్ల సంగతి. ఈజిప్టులో ఎంతో కాలంగా పెద్ద పెద్ద పొయ్యి గదుల్లో వేల గుడ్లు ఒకేసారి పొదిగించేవారు. పేడ, గడ్డి కాల్చి వేడి పెట్టేవారు. వాళ్ళ దగ్గర థర్మామీటరు లేదు. గుడ్డును కంటి రెప్పకు ఆనించి వేడి ఎంతుందో తెలుసుకునేవారు. ఆ పని తండ్రి కొడుక్కి నేర్పేవాడు.

ఈ సంగతి తెలిసి రియామర్ తనూ మొదలుపెట్టారు. పేడ కుప్ప కుళ్ళేటప్పుడు లోపల వేడి పుడుతుంది కదా, అందులో పీపాలు పాతి వాటిలో గుడ్లు పెట్టారు. పేడ ఆవిరి తగిలి గుడ్లు పాడైపోయాయి. ఆయన వదల్లేదు. ఆవిరి లోపలికి రాకుండా చేసి మళ్ళీ పెట్టారు. రొట్టెలు కాల్చే పొయ్యిల వేడితో కూడా చేశారు. తన థర్మామీటరులో 32 డిగ్రీలు ఉండాలని లెక్క తేల్చారు. తల్లి లేని పిల్లల కోసం గొర్రె తోలు పరిచిన పెట్టె చేశారు. పిల్లలు ఆ బొచ్చు కింద దూరి వెచ్చగా ఉండేవి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. పల్లెలో వాళ్ళు థర్మామీటరు కొనలేరు. వాళ్ళ కోసం వెన్న, కొవ్వు కరిగించి చిన్న సీసాలో పోసి గుడ్ల పక్కన పెట్టమన్నారు. గడ్డకడితే వేడి చాలలేదు. నూనెలా పారితే ఎక్కువైంది. చిక్కటి పాకంలా ఉంటే సరిపోయింది. చదువు రానివాళ్ళు కూడా ఇది చూసి చెప్పగలరు. ఇదంతా 1749లో పుస్తకంగా వేశారు. 1757లో గుర్రం మీద నుంచి పడి చనిపోయారు.

ఇప్పటి ఇంక్యుబేటరులో 37.5 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచుతారు. కోడి గుడ్డుకు 21 రోజులు, బాతు గుడ్డుకు 28 రోజులు పడుతుంది. మా ఇంట్లో బాతులు గుడ్లు పెడతాయి గానీ పొదగడానికి కూర్చోవు. అవ్వ ఆ గుడ్లను పొదిగే కోడి కింద పెడుతుంది. గుడ్డును వెలుతురుకి పట్టి లోపల పిల్ల ఉందో లేదో చెబుతుంది. చివరి రోజుల్లో చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. అవ్వకి అక్షరం రాదు. మా ఇంట్లో రాయడం వచ్చినది నేనే మొదలు.

రియామర్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆ ఈజిప్టు పొయ్యిల వాళ్ళ పేర్లు లేవు. తెలిసినవాళ్ళు ఎక్కువమందే, రాసినవాళ్ళే తక్కువ. అందుకని నేను ఒకటి అడుగుతున్నాను. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో తాతనో అడిగి, వాళ్ళకు తెలిసిన పని ఒకటి రాసుకుని రండి. కింద వాళ్ళ పేరు కూడా రాయండి. వచ్చేసారి ఈ గోడ మీదే పెడదాం.

— 9వ తరగతి విద్యార్థిని