జాన్ స్మీటన్ మహాశయుడు

కట్టడపు బలము రాతియందెంత గలదో, రాతికిని రాతికిని నడుమనున్న గారయందును అంత గలదు. ఈ సత్యమును పరీక్షించి చూపినవారిలో అగ్రగణ్యుడు జాన్ స్మీటన్. ఈయన 1724 జూన్ 8వ తేదీన ఇంగ్లండు దేశమందలి లీడ్సు నగర సమీపమున ఆస్థార్ప్ అను చోట జన్మించెను. తండ్రి న్యాయవాది. కుమారుడును ఆ వృత్తియందే కుదురుకొనవలెనని ఆయన కోరిక. స్మీటన్ కొంతకాలము న్యాయశాస్త్రము చదివి, దానిని విడిచి శాస్త్రపరికరముల తయారీకి పూనుకొనెను. 1753లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను.

ప్లిమత్ రేవునకు సుమారు 14 మైళ్ల దూరమున సముద్రమధ్యమున ఎడ్డిస్టన్ శిలలు కలవు. వానిని తాకి ఓడలనేకములు మునిగెను. అచ్చటి మొదటి దీపస్తంభము 1703 నాటి పెనుతుపానులో నిర్మాతతో సహా కొట్టుకొనిపోయెను. కొయ్యతో కట్టిన రెండవది 1755లో దగ్ధమయ్యెను. మూడవదానిని కట్టు భారము స్మీటన్‌పై బడెను.

ఆయన రాతితో కట్ట నిశ్చయించెను. చిక్కంతయు సున్నముతో వచ్చెను. సాధారణపు సున్నము గాలి సోకి మెల్లగా గట్టిపడును గాని నీటిలో గట్టిపడదు. అచ్చటనో దినమునకు రెండుమార్లు పోటు వచ్చి పునాదిశిలను ముంచుచుండెను. స్మీటన్ పలుతావుల సున్నపురాళ్లు తెప్పించి ఆమ్లమున కరగించి చూచెను. కరగగా బంకమన్ను మిగిలిన రాతిసున్నమే నీటిలో గట్టిపడునని తేలెను. అట్టిదగు వేల్సు దేశపు ఆబర్థా సున్నమును, ఇటలీ నుండి వచ్చిన పొజొలానా అను అగ్నిపర్వత ధూళిని సమపాళ్లుగా కలిపించెను. ఒకదానినొకటి పట్టుకొనునట్లు చెక్కిన రాళ్లను ఆ గారతో అతికించెను. 1759 అక్టోబరు 16న దీపము వెలిగెను.

నూరేండ్లకు పైగా ఆ స్తంభము చెక్కుచెదరలేదు. కోతపడినది దాని క్రింది శిల. అందుచే 1882లో క్రొత్త స్తంభము వెలిసెను. పాతదాని పైభాగమును ప్లిమత్‌కు తరలించిరి. మొదలు నేటికిని సముద్రముననే యున్నది. స్మీటన్ 1792 అక్టోబరు 28న స్వగ్రామమున కాలధర్మము నొందెను.

ధూళిలోని సిలికా సున్నముతో కలిసి నీట కరగని పదార్థమగుటయే దీని రహస్యము. మన పెద్దలు గానుగసున్నమున ఇటుకపొడి కలుపుటయు నిట్టిదే. నేడు సిమెంటులో కొంత భాగమునకు మారుగా థర్మల్ కేంద్రముల బూడిదను, ఇనుపకొలిముల చిట్టెపుపొడిని వాడుచున్నారు. సిమెంటు నీటితో కలిసినపుడు వెలువడు సున్నమును ఇవి గ్రహించి, కాంక్రీటులోని సన్నని రంధ్రములను పూడ్చును. ఉప్పునీరు తేలికగా లోనికి చొరదు. లోపలి ఇనుము త్వరగా త్రుప్పు పట్టదు. అయితే ఇట్టి కాంక్రీటు మెల్లగా బలము పుంజుకొనును. కావున ఇల్లు కట్టు గృహస్థులు తడి యారనీయక, ఎక్కువ దినములు నీరు పట్టించవలెను.