బృందగానానికి వాద్యం జోడించిన సలీల్ చౌధురి

అస్సాం తేయాకు తోటల్లో వైద్యుడిగా పనిచేసిన జ్ఞానేంద్ర చౌధురి ఇంట ఒక గ్రామఫోను, పాశ్చాత్య శాస్త్రీయ సంగీత రికార్డులు ఉండేవి. స్వదేశానికి మరలిపోతూ ఒక ఐరిష్ వైద్యుడు ఇచ్చి వెళ్లిన సొత్తు అది. ఇంట్లో బాఖ్, మొజార్ట్, బీథోవెన్‌ల స్వరాలు. వెలుపల తోట కూలీల పాటలు. ఆ రెండింటి నడుమ పెరిగిన బాలుడే సలీల్ చౌధురి.

బెంగాల్‌లో ఆయనకు మరో పాఠశాల దొరికింది. అన్న వరుసయ్యే నిఖిల్ చౌధురి నడిపిన ‘మిలన్ పరిషద్’ అనే వాద్యబృందమది. వేణువు, వయొలిన్, పియానో, కమానుతో వాయించే ఎస్రాజ్ వంటి వాద్యాలపై సలీల్‌కు పట్టు చిక్కింది. పదిమందిలో ఒకడిగా వాయించేవాడికి తన వాద్యం తెలిస్తే చాలదు; పక్కవాడి వాద్యాన్ని వినడం, అవసరమైనచోట ఆగడం కూడా తెలియాలి. ఏకాంత సాధనలో ఈ విద్య అబ్బదు.

ఆ విద్యకు పరీక్ష 1940 దశకంలో ఎదురైంది. బెంగాల్ కరవు దారుణాలు చూసిన సలీల్ కలకత్తాలో విద్యార్థిగా ఉండగానే ఇప్టాలో చేరారు. ఆ సంస్థ ఆంధ్ర శాఖే తెలుగువారు ఎరిగిన ప్రజానాట్యమండలి. రైతు సభలకు, కార్మికుల సమ్మెలకు ఆయన పాటలు కట్టారు. కొంతకాలం అజ్ఞాతంలోనూ గడిపారు.

మన కచేరీలో పక్కవాద్యం గాయకుడిని నీడలా అనుసరిస్తుంది. బృందగానంలో ఒకే సమయాన రెండు మూడు స్వరపంక్తులు సాగుతుంటే వాద్యం ఎవరిని అనుసరించాలి? ఎవరినీ కాదు. మొదటి శ్రుతి అందించాలి, మంద్రస్థాయిలో ఆధారం నిలపాలి, గాయకులు ఊపిరి తీసుకునే విరామాన్ని నింపాలి. సాహిత్యం వచ్చేసరికి తగ్గాలి. సమ్మె పాటలో మాట వినబడకపోతే పాటే వ్యర్థం.

ఈ పద్ధతి అందరికీ రుచించలేదు. ఇప్టాలోనే ఉన్న జానపద గాయకుడు హేమాంగ బిశ్వాస్ ప్రజల పాట పల్లె బాణీలోనే ఉండాలని వాదించారు. పాశ్చాత్య స్వరమేళనం పాటకు బలమిస్తుందని సలీల్ విశ్వాసం. హేమాంగ భయం నిరాధారమైనదేమీ కాదు. పాట ఎవరి కోసమో వారికే పరాయిదైపోయే ప్రమాదం నిజంగానే ఉంది. ఆ చర్చ చాలాకాలం సాగింది.

సలీల్ కథ ఆధారంగా బిమల్ రాయ్ తీసిన ‘దో బీఘా జమీన్’ 1953లో విడుదలైంది. ఆ చిత్రంతో ఆయన బొంబాయి చేరారు. ‘మధుమతి’ ఫిల్మ్‌ఫేర్ పురస్కారం తెచ్చింది. సినిమాల ఒత్తిడిలోనూ ఆయన బృందగానాన్ని వదలలేదు. 1950 దశకం చివర బొంబాయి యూత్ కాయిర్ స్థాపించి, జానపద బాణీలను బహుళ స్వరాల్లో పాడించారు. 1958లో రూమా గుహా ఠాకుర్తా నెలకొల్పిన కలకత్తా యూత్ కాయిర్‌కూ ఆయన తోడ్పాటు ఉంది. తరువాత మద్రాసులో ఇలాంటి బృందాన్ని చిత్తూరులో పుట్టిన ఎం.బి.శ్రీనివాసన్ తీర్చిదిద్దారు.

మలయాళ ‘చెమ్మీన్’ సలీల్‌ను దక్షిణాదికి చేరువ చేసింది. 1974లో ‘చైర్మన్ చలమయ్య’ చిత్రంతో తెలుగు తెరకూ సంగీతం అందించారు. 1995 సెప్టెంబరు 5న కలకత్తాలో కన్నుమూశారు.