సగము హృదయము – సంపూర్ణ ప్రేమ

పఠనము: మలాకీ 1వ అధ్యాయము

ప్రియులారా, మలాకీ గ్రంథములో దేవుడు తన ప్రజలను గద్దింపకమునుపు తాను వారిని ప్రేమించిన సంగతి జ్ఞాపకము చేసెను. ఆ తరువాతనే వారు గ్రుడ్డిదానిని, కుంటిదానిని బలిగా తెచ్చుచున్న సంగతి యెత్తెను. మంచి పశువును ఇంట నుంచుకొని పనికిరానిదానిని దేవునికిచ్చుట వారి తప్పు. అయితే మంచి పశువునే తెచ్చి, హృదయమును మాత్రము ఇంట విడిచి వచ్చువారును కలరు. జాన్ వెస్లీ అనేక సంవత్సరములు ఇట్టి ఆరాధనలోనే గడిపెను.

ఆయన 1703వ సంవత్సరము జూన్ 17వ తేదీన ఇంగ్లాండు దేశములోని ఎప్‌వర్త్ అను ఊరిలో జన్మించెను. తండ్రి శామూయేలు ఆ ఊరి సంఘ గురువు. తల్లి సూసన్నా బిడ్డలను భక్తియందు క్రమముగా పెంచెను. 1709 ఫిబ్రవరిలో ఒక రాత్రి వారి యింటికి నిప్పంటుకొనెను. అందరును బయటపడిరి గాని, అయిదేండ్ల జాను మేడమీద చిక్కుకొనెను. నిచ్చెన తెచ్చుటకు వ్యవధి లేదు. ఒక మనుష్యుడు మరియొకని భుజములమీద నిలిచి, కిటికీలోనుండి బాలుని అందుకొనెను. వెంటనే ఇంటికప్పు కూలిపోయెను. ఆ బాలుడు దేవునికి ఏ సేవయు చేయకమునుపే దేవుడు అతనిని కాపాడెను.

పెద్దవాడై ఆక్స్‌ఫర్డులో చదివి, 1728లో గురువుగా అభిషేకము పొందెను. తమ్ముడైన చార్లెస్‌తోను స్నేహితులతోను కూడి వేదపఠనము చేయుచు, బుధ శుక్రవారములయందు ఉపవాసముండుచు, చెరసాలలోని ఖైదీలను దర్శించుచుండెను. వారి క్రమమును చూచి తోడివారు మెథడిస్టులని ఎగతాళి చేసిరి. ఇంత చేసినను ఆయనకు సమాధానము లేదు. దేవునికి చేసినది చాలునో చాలదో అను భయమే ఆయనను నడిపించుచుండెను.

1735లో ఆయన అమెరికాలోని జార్జియాకు సేవచేయుటకు ఓడ యెక్కెను. 1736 జనవరిలో సముద్రముపై గొప్ప తుపాను లేచెను. తెరచాప చినిగి, నీళ్లు ఓడపై పొర్లెను. అనేకులు కేకలు వేసిరి. అయితే మొరేవియను సంఘమునకు చెందిన జర్మనులు, స్త్రీలు పిల్లలతో సహా, నిమ్మళముగా కీర్తన పాడుచుండిరి. ఇతరులకు బోధించుటకు పోవుచున్న గురువు చావునకు వణకెను. ఆ సామాన్యులు వణకలేదు. వారికున్నదేదో తనకు లేదని ఆయన గ్రహించెను.

జార్జియాలో ఆయన సేవ కలహములతో ముగిసెను. 1738లో నిరాశతో ఇంగ్లాండు చేరెను. ఆ యేడు మే 24వ తేదీ సాయంకాలము, పోవుటకు ఇష్టము లేకయే, లండనులోని ఆల్డర్స్‌గేట్ వీధిలో ఒక కూటమునకు పోయెను. అక్కడ ఒకరు రోమా పత్రికకు లూథరు వ్రాసిన ముందుమాట చదువుచుండిరి. తొమ్మిది గంటలకు కొంచెము ముందు ఆయన హృదయము వింతగా వెచ్చనాయెను. క్రీస్తు తన పాపములనే తీసివేసెనను నిశ్చయము కలిగెను.

అంతటితో ఆయన సందేహములన్నియు తీరలేదు. తరువాతి నెలలలోను తన హృదయము చల్లబడెనని దుఃఖపడుచునే యుండెను. అయినను తన వెచ్చదనమును గాక, మారని క్రీస్తు ప్రేమను ఆనుకొన నేర్చుకొనెను. 1741లో ఆక్స్‌ఫర్డుకు మరల వచ్చి, ఇంచుమించు క్రైస్తవుడైనవానిని గూర్చి ప్రసంగించెను. అట్టివాడు దూరముననున్న వేరొకడు కాడు, తానే అట్లుంటినని ఒప్పుకొనెను.

1739 మొదలు బ్రిస్టలు దగ్గర బయలున నిలిచి బొగ్గుగని కూలీలకు సువార్త ప్రకటించెను. గుఱ్ఱముపై ఊరూర తిరుగుచు ఏబది యేండ్లకు పైగా సేవచేసి, 1791 మార్చి 2వ తేదీన 87 ఏండ్ల వయస్సులో నిద్రించెను. ఆయన వలన పుట్టిన వెస్లియను సంఘమువారే తరువాత మెదకు ప్రాంతమునకు వచ్చిరి. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన మెదకు దేవాలయము ఆ సేవాఫలమే.

సహోదరులారా, సహోదరీలారా, ఆదివారమున గుడికి వచ్చుచున్నాము. కానుక వేయుచున్నాము, కీర్తన పాడుచున్నాము. మన మనస్సు ఎక్కడ నున్నది? చేనిమీదనా, అప్పుమీదనా, ప్రక్కవాని చూపుమీదనా? మనస్సు చల్లబడెనని తెలిసినప్పుడు ఇంకొక ఉపవాసముతో దానిని వేడిచేయ ప్రయత్నింపకుడి. వెస్లీ పదియేండ్లు అట్లు చేసి అలసెను. మంటలలోనుండి బిడ్డను ఎత్తుకొనిన దేవుని ప్రేమ ఆ పదియేండ్లును ఆయనను విడువలేదు. మనలను గద్దించుటకు ముందే ప్రేమించిన తండ్రియొద్దకు మన చల్లని హృదయమును ఉన్నది ఉన్నట్లుగానే తీసికొనిపోవుదము. ఆయన దానిని త్రోసివేయడు. ఆమేన్.